నవ్వినా ఊడని కొప్పు

ఇట్టా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే మానక్కర్లేదు. చిక్కుడుకాయలు తుంచుకుంటూ వినొచ్చు, పిల్లకి తల దువ్వుకుంటూ వినొచ్చు. అసలు తల దువ్వుకుంటూ వింటేనే ఇంకా బాగుంటుంది. ఎందుకంటే నేను చెప్పబోయే మనిషి బతుకంతా తలల వెనకాలే గడిచింది.

మొన్న నందిగామలో పని చూసుకుని జగ్గయ్యపేట బస్సెక్కా. నా ముందు సీట్లో ఒక కాలేజీ పిల్ల కూర్చుంది. ఎంత జుట్టనుకున్నారు! నడుం దాటి కిందికి ఉంది, నల్లగా నిగనిగలాడతా. మెలేసి పైకి చుట్టి పెద్ద క్లిప్పు పెట్టుకుంది. బస్సు కదిలింది, క్లిప్పు కొంచెం జారింది. ఆ పిల్ల మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ జారింది. నాకు కిటికీలోంచి పొలాలు చూడబుద్ధి కావట్లా, ఆ క్లిప్పు మీదే ఉంది కన్ను. స్పీడు బ్రేకరు దగ్గర బస్సు ఎగిరింది చూడండి, క్లిప్పు టప్పున ఎటో పోయింది, ఆ జుట్టంతా సీటు మీంచి జర్రున జారి నా ఒళ్ళో పడింది.

ఒళ్ళో పడ్డాక ఊరుకోగలనా? నా సంచిలో ఎప్పుడూ నల్లదారం ఉంటుంది. "ఉండమ్మా, కదలకు" అని, లోపల చిన్న జడ ఒకటి గట్టిగా అల్లి, దానికి దారం కట్టి, మిగతా జుట్టు రెండు పాయలు చేసి అల్లి దాని చుట్టూ తిప్పి కట్టేసా. కట్టేసి, "ఏదీ, ఒకసారి నవ్వు" అన్నా.

"ఎందుకాంటీ?" అని ఆ పిల్ల ఫక్కున నవ్వింది.

కొప్పు కదల్లా.

"భలే ఉందాంటీ! ఎవరు నేర్పారు మీకు?" అంది. నేను నోరు తెరిచేలోపు చిల్లకల్లు వచ్చింది, ఆ పిల్ల దిగిపోయింది. సమాధానం నా నోట్లోనే ఉండిపోయింది. ఇంటికొచ్చినా పోలా. అందుకే మిమ్మల్ని కూర్చోబెట్టుకున్నా.

నేర్పింది జడలత్త. అసలు పేరు చెప్పినా మా పేటలో సగం మందికి తెలియదు. జడలత్త అంటే మటుకు చిల్లకల్లు నుంచి నందిగామ దాకా ఎవరైనా చెప్పేవాళ్ళు. పెళ్ళికూతుళ్ళకి కొప్పులు కట్టేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. వీధి మొదట్లో మాట్లాడితే వీధి చివర పొయ్యి మీద పాలు పొంగేవి. నోట్లో ఎప్పుడూ రెండు పిన్నులు కరుచుకుని ఉండేది. వాటితోనే తిట్టేది, వాటితోనే దీవించేది.

ఆవిడ తల మీద మాత్రం నిమ్మకాయంత ముడి ఉండేది. అదీ గజ్జి నిమ్మకాయ.

"అత్తా, ఊరందరికీ ఇంతింత కొప్పులు కడతావు, నీదేంటే అంత పిసరు?" అని ఎవరైనా అంటే, "నాదంతా మీ పెళ్ళిళ్ళకి సవరాలుగా పంచిపెట్టానే! తిన్న విశ్వాసం ఉండాలి మీకు" అనేది. అబద్ధం. అయినా ఎంత గట్టిగా చెప్పేదంటే, మా చిన్నమ్మ తన బీరువాలో ఉన్న సవరం తీసి చాలా రోజులు అనుమానంగా చూసుకుంది.

చిన్నప్పుడు మిరపకాయల కొట్లలో బస్తాల మూతులు కుట్టేదంట. ఆ పని గురించి చెప్పుకునేటప్పుడు చూడాలి ఆవిడ గొప్ప. "లారీ మీంచి బస్తా కింద పడితే లారీ వంగాలిగానీ ఒక్క కాయ బయటికి రాకూడదు. అదీ నా కుట్టు. కొప్పేం బ్రహ్మవిద్య కాదే, అదీ బస్తా మూతే. లోపలున్నది బయటికి రాకూడదు, బయట కుట్టు కనపడకూడదు" అనేది. పెళ్ళికూతురు పక్కనే ఉండి వింటా ఉండేది, తనని బస్తా అంటున్నారని తెలియక.

ఆవిడది ఒక వింత. మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టలేకపోయేది.

నిజమండి. ఒకసారి నందిగామ బస్టాండులో ఎదురుపడింది. "అత్తా, బాగున్నావా?" అన్నా. నా మొహంలోకి తేరిపార చూసింది. "ఎవరమ్మా నువ్వు? ఎక్కడో చూసినట్టుందే" అంది. నా పెళ్ళికి కొప్పు కట్టిన మనిషి! నా ఆడబిడ్డలకీ కట్టింది. "నేనత్తా" అంటే, "నేనంటే? ఏదీ, వెనక్కి తిరుగు" అంది. బస్టాండు నిండా జనం. బస్సు కోసం నిలబడ్డ ఒకాయన పేపరు దించి మరీ చూస్తున్నాడు. ఏం చేస్తాం, తిరిగా.

"ఓసి, నువ్వటే! ముందే తిరగొచ్చుగా, ఇంతసేపు మొహం చూపించి విసిగించావు" అని నా ముడి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అదీ ఆవిడ పలకరింపు. మీరు చేతులు జోడిస్తారు, ఆవిడ ముడి గుంజుద్ది. ఊడి వచ్చిందా, అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి మళ్ళీ కట్టి పంపుద్ది. నాది ఊడింది. నాకు బస్సు తప్పింది.

పెళ్ళిళ్ళలో కూడా అంతే. భోజనాలప్పుడు పెళ్ళికూతురు వీపు కనపడేచోట ఆకు వేయించుకునేది. పెళ్ళికొడుకుని ఏ పెళ్ళిలోనూ చూసిన పాపాన పోలేదు. "పిల్లాడు ఎట్టా ఉన్నాడత్తా?" అంటే, "ఏమోనే, కొప్పు బానే నిలబడింది" అనేది.

ఆవిడ లెక్కలో జుట్టులో ఉన్నవి రెండే జాతులు. గడ్డి జుట్టు, కొర్రమేను జుట్టు. గడ్డి జుట్టంటే ఆవిడకి చులకన. "దానికి నేనెందుకు, ఎద్దుకి చొప్ప కట్టేవాణ్ణి పిలవండి" అనేది. పొడుగ్గా, నున్నగా ఉండి, పట్టుకుంటే చేతిలోంచి మునేటి చేపలా జారిపోయే జుట్టుందే, అది కనపడితే మటుకు ఆవిడ కళ్ళు మెరిసేవి. "వచ్చావా కొర్రమేనా! నువ్వో నేనో తేలిపోవాలి" అని చీర కుచ్చిళ్ళు పైకి దోపేది.

అట్టాంటి జుట్టున్న పిల్లకి ముందు రోజే తలంటాలనేది. పెళ్ళి పొద్దున తల మీద చుక్క నీళ్ళు పడితే ఒప్పుకునేది కాదు. పొద్దున్నే సాంబ్రాణి పొగ పట్టించేది. పొగ తగిలితే జుట్టుకి కొంచెం గరుకుదనం వస్తుద్దంట. ఆ తర్వాత నడినెత్తికి కొంచెం కిందగా చిన్న జడ ఒకటి బిగించి అల్లి చుట్టేది. అది గుంజ. "గుంజ పాతకుండా పందిరేస్తారంటే!" అని దువ్వెనతో నెత్తి మీద ఒక్కటిచ్చేది. మిగతా జుట్టంతా జడలుగా అల్లి, ఆ గుంజకి చుట్టి, మొద్దు సూదితో నల్లదారం వేసి కుట్టేది. పిన్నుల్ని ఉత్తవి పెట్టేది కాదు, ఒక్కోదానికీ దారం చుట్టి పెట్టేది. నున్నటి జుట్టులో నున్నటి పిన్ను పెడితే రెండూ కలిసి లేచిపోతాయని ఆవిడ మాట.

అంతా అయ్యాక వదిలేదా? వదలదు. నవ్వు పరీక్ష ఉండేది.

"తల వంచితే కొప్పు ఊడదే. తల ఎత్తితే ఊడదు. నవ్వితే ఊడుద్ది. బుగ్గలు లేస్తాయి, కణతలు కదుల్తాయి, అక్కడ వదులైందంటే వెనకంతా వదులే. పెళ్ళిలో ఏడ్చేదానికంటే నవ్వేదానికే భయపడాలి నేను" అనేది. అందుకని పెళ్ళికూతురు కడుపుబ్బ నవ్వేదాకా కుర్చీలోంచి లేవనిచ్చేది కాదు. నవ్వించడానికి ఆవిడ దగ్గర ఒకటే కథ ఉండేది. ఆవిడ సొంత పెళ్ళి కథ.

ఆవిడకి అప్పుడూ జుట్టు తక్కువే. వాళ్ళమ్మ ఎవరినో అడిగి పొడుగాటి సవరం తెచ్చి జడలో కలిపి కట్టిందంట. చర్చిలో ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకున్నారు. ఈవిడకి తుమ్ము వచ్చింది. మిరపకాయ ఘాటు ఎక్కడికి పోతుంది! హాచ్చి అని తుమ్మేసరికి సవరం ఊడి, జరజరా జారి పెళ్ళికొడుకు పాదాల మీద పడింది. ఆయన ఒక కన్ను కొంచెం తెరిచి చూసాడు. చూసి, "పాము! పాము!" అని బెంచీ ఎక్కాడు. కళ్ళు మూసుకున్న జనం కళ్ళు తెరవకుండానే తలుపు దాకా పరిగెత్తారు. లోపల మిగిలింది ఈవిడా, పాస్టరు గారూ, బెంచీ మీద ఆయనా, కింద సవరం.

"ఆ రోజే అనుకున్నా, నా కళ్ళ ముందు ఇంకో పిల్ల తల మీది నుంచి ఏదీ జారకూడదని" అని ముగించేది.

ఈ కథ చెప్పే ప్రతిసారీ గుమ్మం బయట సాంబ్రాణి కుండ పట్టుకుని కూర్చున్న మావయ్య, అంటే ఆవిడ పెనిమిటి, లోపలికి వినపడేట్టు అనేవాడు. "నేను పామనుకోలేదు. కాలికి ఏదో మెత్తగా తగిలితే బెంచీ ఎక్కా. అంతే."

"పామనే అన్నాడే!"

"అన్లేదు."

"బెంచీ ఎందుకెక్కావు మరి, ఎండుమిరపకాయలు ఆరబోయడానికా?"

మోపెడు మీద ఆవిణ్ణి ఊరూరా తిప్పేది ఆయనే. నెమ్మదైన మనిషి. మిగతా విషయాల్లో పెళ్ళాం మాట దాటడు, పాము విషయంలో మటుకు ఒక్క అడుగు వెనక్కి వేసేవాడు కాదు. వాళ్ళిద్దరి వాదం వింటే కథకంటే ఎక్కువ నవ్వొచ్చేది పెళ్ళికూతుళ్ళకి.

ఆ కథకి నవ్వని పిల్ల ఒక్కతే. మా కరుణ. నా కూతురే.

కరుణకి జి.కొండూరు సంబంధం కుదిరింది. పిల్లాడు స్కూల్లో మేష్టరు. మంచివాడు, మా పిల్లకీ నచ్చాడు. వాళ్ళ కుటుంబం మాకంటే పట్టుదల గల విశ్వాసులు. వాళ్ళ ఆడవాళ్ళు తల్లో పూలు పెట్టరు, ఒంటి మీద నగ వేసుకోరు. మేమూ చర్చికి పోయేవాళ్ళమే గానీ మా ఇంట్లో ఆడవాళ్ళు పూలు లేకుండా గడప దాటరు. "పెళ్ళిలో కూడా పూలు వద్దండి వదినగారూ, మా పద్ధతి" అని పిల్లాడి తల్లి ముందే చెప్పింది. పెద్దవాళ్ళం కూర్చుని సరేనన్నాం. కరుణ ఏమీ అన్లేదు. అన్లేదు కాబట్టి ఇష్టమే అనుకున్నాం.

ఆ పిల్లకి చేమంతులంటే ప్రాణం. చలికాలం వస్తే పసుపు చేమంతుల దండ మోకాళ్ళ దాకా ఉన్న జడకి చుట్టుకుని తిరిగేది. అది గుర్తుపెట్టుకున్నది మా ఇంట్లో ఒక్కతే, మా అత్తగారు. పెళ్ళి పొద్దున నేను హడావుడిలో ఉండగా ఆవిడ మనవరాల్ని లోపలికి తీసుకెళ్ళింది. "పూలు లేకపోతే పోయె, నా బంగారుతల్లికి పూల వాసనైనా ఉండొద్దా" అని మల్లె వాసన నూనె సీసా మొత్తం, అవునండి, మొత్తం, ఆ పిల్ల తలకి పట్టించింది.

అసలే కొర్రమేను జుట్టు. దాని మీద నూనె. జడలత్త వచ్చి చెయ్యి పెట్టి చూసింది. చెయ్యి తీసి నావైపు చూసింది.

"ఎవరే ఈ పుణ్యం కట్టుకుంది?"

మా అత్తగారు మంచం మీద కూర్చుని ఇంకా మురిసిపోతానే ఉంది. "వాసన బాగుంది కదే?" అంది.

"బ్రహ్మాండంగా ఉంది పెద్దమ్మా. నువ్వు పోయినాక కూడా ఉంటుంది" అంది జడలత్త.

మళ్ళీ తలంటి మోకాళ్ళ దాకా జుట్టు ఆరబెట్టే టైము లేదు. ఇంకాసేపట్లో పిల్లాడి తల్లి తెల్లచీర మీదికి వెయిలు, అదే తెల్లటి మేలిముసుగు, తీసుకుని వస్తుంది, తన చేత్తో కోడలి తల మీద వేస్తుంది. ఆ వెయిలు బరువంతా కొప్పు మీదే. పైగా పూలు లేవు. పూలుంటే కింద ఏం చేసినా దండ కప్పేస్తుంది. ఇది బోడి కొప్పు, దారం పోగు కనపడినా కనపడినట్టే. వాళ్ళందరి ముందు నడి చర్చిలో నా పిల్ల కొప్పు ఊడితే ఎట్టా.

జడలత్త గబగబా వంటల దగ్గరికి పోయింది. "శనగపిండి ఇటు పట్రా" అంది వంటమేస్త్రీతో.

"ఎందుకత్తా?"

"తలకి పట్టించాలి."

"పెళ్ళికూతురితో పకోడీలేస్తావా ఏంటి! మూకుడు కాగింది, తీసుకురా మరి" అన్నాడు అతను. అందరూ నవ్వారు. ఆవిడ మటుకు పిండి పళ్ళెం పట్టుకుని వచ్చేసింది.

పిండి చల్లడం, పాయ పాయా రుద్దడం, పాత తువ్వాలుతో దులపడం, సన్నపళ్ళ దువ్వెనతో దువ్వడం, సాంబ్రాణి పొగ పట్టించడం. నూనంతా పిండి తాగేసింది. గదిలో మల్లె వాసన, సాంబ్రాణి వాసన, పచ్చి శనగపిండి వాసన కలిసి, పెళ్ళి ఇల్లో, మిఠాయి కొట్టో తెలియకుండా ఉంది. నేను తుమ్ముతూనే ఉన్నా. ఆవిడ గుంజ పాతింది, జడలు అల్లింది, చుట్టింది, కుట్టింది. కొప్పు రాయిలా నిలబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు నవ్వు పరీక్ష. సవరం, తుమ్ము, పాము. మావయ్య బయట నుంచి "పామనుకోలేదు" అన్నాడు. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ ఎప్పటిలాగే నవ్వారు. కరుణ నవ్వలా. ఊరికే పెదాలు సాగదీసింది.

"అది నవ్వు కాదు, పళ్ళు చూపించడం" అంది జడలత్త. మళ్ళీ చెప్పింది. ఆ పిల్ల మళ్ళీ పళ్ళు చూపించింది.

"టైమవుతోంది అత్తా, బానే ఉందిగా, లేవనియ్యి" అన్నా నేను.

"నువ్వు ఊరుకో" అని నన్ను కసిరి, కుర్చీ ముందుకొచ్చి కూర్చుంది. జడలత్త ఒక పెళ్ళికూతురు మొహం చూడ్డం నాకు తెలిసి అదే మొదలు. చాలాసేపు చూసింది. "ఏంటే? పిల్లాడు నచ్చలేదా?"

"నచ్చాడత్తా."

"మరేంటి?"

కరుణ చేతివేళ్ళు చూసుకుంటా కూర్చుంది. మెల్లగా అంది. "ఏం లేదు. ఇవాళ్టి నుంచి ఇంక ఎప్పుడూ చేమంతులు పెట్టుకోనుగా. నన్నెవరూ అడగలేదు. అడిగితే సరేననేదాన్నే. అడగలేదు."

మా అత్తగారు కళ్ళొత్తుకుంది.

జడలత్త లేచి వెనక్కి వెళ్ళింది. నోట్లోకి రెండు పిన్నులు పెట్టుకుంది. కుట్టిన కుట్టంతా కత్తెరతో పుటపుటా కోసేసింది.

"అత్తా!" అని అరిచా.

"అరవకు. పూలు పెట్టొద్దన్నారు. జుట్టు పెట్టుకోవద్దన్నారా?"

ఆ జుట్టుని సన్నసన్న జడలుగా అల్లింది. గదిలో ఉన్న ఆడవాళ్ళందరికీ తలా ఒక పాయ ఇచ్చింది, అల్లండర్రా అని. మా అత్తగారి వణికే చేతులకి కూడా ఒకటిచ్చింది. ఒక్కో జడనీ రేకులా మడిచి, మడిచిన చోట కుట్టి, లోపల ఒక వరస, దాని బయట ఇంకో వరస, దాని బయట ఇంకోటి. గుంజ కనపడకుండా పోయింది. అందరూ చేతులు తీసేసరికి నా పిల్ల తల వెనకాల ఇంత నల్ల చేమంతి పూసి ఉంది. ఒక్క పువ్వు లేదు, ఒక్క పిన్ను కనపడదు.

అద్దం ఒకటి ముందు, ఒకటి వెనక పట్టి చూపించా. కరుణ చూసుకుంది. ముందు ఊపిరి బిగపట్టింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నవ్వింది చూడండి, ఆ నవ్వు, కళ్ళల్లో నీళ్ళొచ్చి, కుర్చీ ఊగిపోయేలా. రేకు కదల్లా.

సరిగ్గా అప్పుడే వెయిలు పట్టుకుని పిల్లాడి తల్లి గుమ్మంలో అడుగుపెట్టింది.

ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. మాట్లాడకపోవడమే భయం. నవ్వులన్నీ ఆగిపోయాయి. ఆవిడ కరుణ వెనక్కొచ్చి నిలబడి, ఆ కొప్పు వైపు చూసింది. "పూలు వద్దనుకున్నాంగా వదినగారూ" అంది.

ఇప్పుడు కొప్పు విప్పించేస్తే? నా పిల్ల ఆ నవ్వు ఇక్కడే వదిలేసి వాళ్ళింటికి పోతే?

"చేత్తో పట్టుకుని చూడమ్మా" అంది జడలత్త.

ఆవిడ వేలితో ఒక రేకు తాకింది. ఇంకోటి తాకింది. వంగి దగ్గరగా చూసింది. "జుట్టేనా ఇదంతా?"

"జుట్టే. దేవుడిచ్చిందే. నేను అటూ ఇటూ జరిపానంతే."

పిల్లాడి తల్లి ఇంకో రేకు తడిమి చూసింది. జడలత్త ఆవిడ మొహం వంక చూడకుండా, అలవాటు కొద్దీ, ఆవిడ వెనక్కి వెళ్ళింది. వెళ్ళి గట్టిగా కేకేసింది. "ఓయమ్మో! నీదీ కొర్రమేనేనమ్మా! ముడి మెడ మీదికి దిగింది చూసుకున్నావా?"

ఆవిడ చటుక్కున చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "అది అంతేనండి. చిన్నప్పట్నుంచీ నిలబడదు. ప్రార్థనలో మోకరించానంటే జారుద్ది. ఒక చేత్తో ముడి పట్టుకునే ప్రార్థన చేస్తా" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు అత్తగారి గొంతులా లేదు. మన గొంతులాగే ఉంది.

"కూర్చో."

"పెళ్ళి టైమవుతోందండి."

"నీ కొడుకు పెళ్ళి నువ్వు లేకుండా ఎట్టా మొదలుపెడతారు? కూర్చో."

కూర్చుంది. జడలత్త గుంజ పాతి, నల్లదారం కట్టి, ముడి చుట్టింది. చుట్టి, "నవ్వు పరీక్ష ఉందమ్మా" అని సవరం కథ ఎత్తుకుంది. బయట నుంచి "పామనుకోలేదు" అని వినపడింది. ఆ గంభీరమైన మనిషి ముందు పెదవి బిగపట్టింది, తర్వాత భుజాలు అదిరాయి, తర్వాత వెయిలు మొహానికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ముడి కదల్లా. చేత్తో తడుముకుని చూసుకుంది. మళ్ళీ తడుముకుంది.

లేచి కోడలి తల మీద వెయిలు వేసింది. రేకులు నలక్కుండా నెమ్మదిగా వేసింది. వేస్తా, "పూలంటే అంత ఇష్టమా నీకు?" అంది.

"చేమంతులండి" అంది కరుణ.

"చర్చికి మా పద్ధతి మా పద్ధతేనమ్మా. అది మారదు. ఇంటి ముందు మటుకు జాగా చాలా ఉంది. చేమంతులు వేసుకో. నీళ్ళు నేను పోస్తా."

అడిగారు కదా, అంతే. నా పిల్ల తల ఊపింది.

చర్చిలో వెయిలు వెనక నడుస్తున్న చిన్నపిల్ల దాని మీద రెండు కాళ్ళతో నిలబడిపోయింది. కరుణ ముందుకి నడవబోయి ఆగింది, మెడ వెనక్కి వంగింది. నా గుండె జారింది గానీ కొప్పు జారలా. వెనక బెంచీలోంచి జడలత్త గొంతు, గుసగుస అనుకుంది గానీ పాస్టరు గారిదాకా వినపడింది. "లారీ మీంచి పడ్డా రాదే!"

జి.కొండూరులో ఇప్పుడు కరుణ వాళ్ళ వాకిట్లో పసుపు చేమంతులున్నాయి. ఆదివారం మటుకు ఆ పిల్ల తల్లో నల్ల చేమంతే.

పోయిన వేసవిలో జడలత్త కన్నుమూసింది. పెద్ద బాధ పడలేదు, నిద్రలో పోయింది. చూడ్డానికి ఎంతమంది ఆడవాళ్ళొచ్చారో! అందరం ఎదురుగా నిలబడితే అత్త ఎవర్నీ గుర్తుపట్టేది కాదని నాకు అక్కడ కూడా నవ్వొచ్చింది. కరుణ, వాళ్ళ అత్తగారు కలిసి వచ్చారు. పెట్టె మూసేముందు చూస్తే ఆ నిమ్మకాయంత ముడి కాస్తా ఊడిపోయి ఉంది. కరుణ పక్కన కూర్చుని, ఉన్న నాలుగు వెంట్రుకలకీ గుంజ పాతి, నల్లదారంతో ముడి కట్టింది.

పెట్టె మూత మీద ఎవరో చెయ్యేసారు. "ఆగండి" అంది కరుణ అత్తగారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. "పరీక్ష చెయ్యకుండా పంపుతారా ఆవిణ్ణి?"

అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆ కథ ఎవరు చెప్తారు? ఎవరికి నోరొస్తుంది?

పెట్టె కాళ్ళ దగ్గర కూర్చున్న మావయ్య గొంతు సవరించుకున్నాడు. పెట్టె వైపే చూస్తా అన్నాడు. "పామే అనుకున్నానే. చచ్చేంత భయమేసింది."

ముందు ఎవరో ముక్కు చీదారు. తర్వాత ఇంకెవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇంక ఆగలా. వాకిలి నిండా ఉన్న ఆడవాళ్ళం, ఆవిడ చేతి కింద తల వంచిన వాళ్ళమంతా, ఏడుస్తా నవ్వాం, నవ్వుతా ఏడ్చాం. ఎన్నో తలలు అదిరాయి. కరుణ కట్టిన ముడి మటుకు ఉన్నచోటే ఉంది. మావయ్య వంగి చూసి, "నిలబడింది" అన్నాడు.

అదండీ, బస్సు దిగిపోయిన పిల్లకి నేను చెప్పాల్సిన సమాధానం.

పొద్దుపోతోంది, ఇంక లేవండి. మీ ఇంటి ఆడపిల్లల జుట్టు బారెడు పెరగాలి. వాళ్ళకి ఏది ఇష్టమో అడిగే మనుషులు వాళ్ళ చుట్టూ ఉండాలి. మీ వాకిట్లో ఏదో ఒక పువ్వు ఎప్పుడూ పూస్తా ఉండాలి. మీ ఇల్లంతా పక్కింటికి వినపడేట్టు నవ్వాలి, ఎంత నవ్వినా ఎవరి కొప్పూ ఊడకూడదు. చల్లగా ఉండండి.